ఆన్‌లైన్ వేలంలో పాత నాణేల అమ్మకం

సేకరణ విలువ ఉన్న నాణేన్ని ఇంటర్నెట్‌లో పాటకు పెట్టి, గడువు ముగిసే సమయానికి ఎక్కువ పాడినవారికి అమ్మడాన్ని ఆన్‌లైన్ నాణేల వేలం అంటారు. అమెరికాలో 1995లో పియరీ ఒమిడ్యార్ మొదలుపెట్టిన వేలం వెబ్‌సైటు తర్వాత ఈబేగా మారింది. ఆ రోజుల నుంచే నాణేలు ఈ తరహా అమ్మకాలకు బాగా కుదిరిన సరుకు. చిన్నవి, పాడవనివి, తపాలాలో పంపదగినవి. పైగా కొనేవాళ్లు ఏ ఊళ్లో ఉంటారో ముందుగా తెలియదు. ఈబే భారతీయ విభాగం 2018 ఆగస్టు 14న మూతపడింది. ఇప్పుడు మన దేశంలో ఈ వ్యాపారం ప్రధానంగా మూడు దారుల్లో నడుస్తోంది. మొదటిది వేలం సంస్థలు: ముంబయిలో టోడీవాలా, బెంగళూరులో మరుధర్ ఆర్ట్స్, అహ్మదాబాద్‌లో క్లాసికల్ న్యూమిస్మాటిక్ గ్యాలరీ లాంటివి కేటలాగు అచ్చువేసి, హాల్లో పాట నడుపుతూ ఆన్‌లైన్ పాటను కూడా స్వీకరిస్తాయి. రెండోది నాణేలకే పరిమితమైన అమ్మకపు వెబ్‌సైట్లు. మూడోది ఫేస్‌బుక్, వాట్సాప్ గ్రూపుల్లో సేకర్తలు తమలో తాము పెట్టుకునే పాటలు. మూడో దారిలో కమీషన్ ఉండదు; మోసం జరిగితే అడిగే దిక్కు కూడా ఉండదు.

తాతల కాలం నాటి పెట్టెలోంచి నాలుగు నాణేలు బయటపడగానే వాటిని అమ్మాలనుకునేవారి కోసమే ఈ వ్యాసం. వాళ్లు చేసే నష్టంలో ఎక్కువ భాగం పాట మొదలుకాకముందే జరిగిపోతుంది. తోమడం వల్ల, తప్పుగా గుర్తించడం వల్ల, తొందరపాటు వల్ల జరిగే ఆ నష్టాన్ని తర్వాత ఎంత మంచి పాట వచ్చినా పూడ్చలేదు.

పాతదైతే విలువైనదేనా?

కాదు. శాతవాహనుల కాలపు పోటిన్ (రాగి, తగరం, సీసం కలిసిన లోహం) నాణేలకు రెండు వేల ఏళ్లు ఉంటాయి. వాటిలో మామూలు రకాలు కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి. ఆరో జార్జి బొమ్మ ఉన్న 1939 నాటి వెండి రూపాయికి ఇంకా నూరేళ్లు నిండలేదు. అయినా బ్రిటిష్ ఇండియా నాణేల్లో అత్యంత అరుదైనవాటిలో అదొకటి కాబట్టి దాని కోసం సేకర్తలు పోటీపడతారు. ఎన్ని మిగిలాయి, ఎంత బాగా మిగిలాయి, ఎంతమందికి కావాలి అన్న మూడు ప్రశ్నలే ధరను నిర్ణయిస్తాయి. వయసు ఆ తర్వాతి సంగతి.

1911 రూపాయి దీనికి మంచి ఉదాహరణ. ఐదో జార్జి పట్టాభిషేకం చేసుకున్న ఏడాది ముద్రించిన ఆ నాణెం మీద రాజు అంగీపై ఉన్న హారంలో చిన్న ఏనుగు ఉంటుంది. తొండం పొట్టిగా ఉండటంతో అది పందిలా కనిపించిందని జనంలో, ముఖ్యంగా ముస్లింలలో అభ్యంతరం వచ్చింది. దాదాపు 94 లక్షలు ముద్రిస్తే సుమారు 7 లక్షలే బయటికి వెళ్లాయి; మిగిలినవాటిని కరిగించేశారు. 1912 నుంచి ఏనుగు బొమ్మను సరిదిద్దారు. అంటే 1911కు, 1912కు మధ్య ఉన్న ధర తేడా ఒక అంకె, ఒక పొట్టి తొండం తెచ్చిన తేడా. 1862 నాటి విక్టోరియా రూపాయి కథ దీనికి తలకిందులు. పదేళ్లకు పైగా అదే సంవత్సరం వేసి ముద్రిస్తూ పోయారు కాబట్టి ఆ అంకె చూసి సంబరపడాల్సింది లేదు. అందులో చుక్కల అమరికను బట్టి ఉపరకాలున్నాయి; వాటిలో కొన్నింటికే గిరాకీ. 1943 నుంచి 1947 వరకు వచ్చిన చిల్లు కాణీలు దాదాపు ప్రతి పాత పెట్టెలోనూ ఉంటాయి. వాటికి జ్ఞాపకం విలువే ఎక్కువ.

యూట్యూబ్ వీడియోలు చెప్పే లక్షల ధరలను ఈ సందర్భంలోనే గట్టిగా కాదనాలి. 2012లో వైష్ణోదేవి ఆలయ బోర్డు రజతోత్సవానికి విడుదలైన 5, 10 రూపాయల నాణేలు భారీగా చలామణిలోకి వచ్చాయి. వాటికి పది లక్షలు ఇస్తామన్న మాటను నమ్మి ఎంతోమంది ఫోన్లు చేశారు, ఎదురు డబ్బు కట్టారు. 1985 నాటి రూపాయిపై ‘హెచ్’ అక్షరం చూసి హైదరాబాద్ టంకశాలదేనని మురిసిపోయేవారూ ఉన్నారు. ఆ అక్షరం ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఉన్న హీటన్ టంకశాలది. ఆ ఏడాది మన ప్రభుత్వం కొన్ని నాణేలను విదేశాల్లో ముద్రింపజేసింది.

గుర్తించడం

అమ్మే ముందు రాజు, సంవత్సరం, టంకశాల, లోహం, బరువు తేల్చుకోవాలి. బరువు కోసం గ్రాములో నూరో వంతు చూపే చిన్న డిజిటల్ తూనిక తప్పనిసరి. బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి 11.66 గ్రాములు. 1940 వరకు అందులో నూటికి 91.7 వంతుల వెండి ఉండేది. యుద్ధకాలంలో సగానికి తగ్గించారు. 1947లో వెండి పోయి నికెల్ వచ్చింది. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రాజ్యపు హాలీ సిక్కా రూపాయి అంతకన్నా తేలిక, 11.18 గ్రాములు. ఈ తేడా తెలియక తమ దగ్గరున్న చార్మినార్ రూపాయి నకిలీదనుకునేవారు ఉన్నారు.

ఆ చార్మినార్ రూపాయి గురించి తెలుగువారు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. తెలంగాణ ఇళ్లలో ఎక్కువగా కనిపించే వెండి నాణెం అదే. నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పాలన చివరి ఏళ్లలో చార్మినార్ బొమ్మతో యంత్రాలపై ముద్రించడం మొదలైంది. కట్టడం మధ్య ద్వారంలోకి భూతద్దంతో చూస్తే ఒక ఉర్దూ అక్షరం కనిపిస్తుంది: మహబూబ్‌ది అయితే ‘మీమ్’, 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీఖాన్‌ది అయితే ‘ఐన్’. ఉస్మాన్ తొలినాటి నాణేల్లో ఆ ‘ఐన్’ పొట్టిగా ఉంటుంది, తర్వాతివాటిలో పూర్తిగా ఉంటుంది. సేకర్తలు ఈ రెండింటినీ వేర్వేరు రకాలుగా చూస్తారు. సంవత్సరం హిజ్రీ లెక్కలో ఉంటుంది. ఆ అంకెను 0.97తో హెచ్చించి 622 కలిపితే ఇంచుమించు క్రీస్తుశకం వస్తుంది. 1331 అంటే 1912-13. హాలీ సిక్కా భారత రూపాయితో పాటు 1959 వరకు చెల్లింది.

స్వాతంత్ర్యం తర్వాతి నాణేలకు సంవత్సరం కింద ఉన్న గుర్తు చూడాలి. హైదరాబాద్‌కు నక్షత్రం, ముంబయికి వజ్రాకారం, నోయిడాకు చుక్క. కోల్‌కతాకు గుర్తేమీ ఉండదు. హైదరాబాద్‌లోని సైఫాబాద్‌లో 1903లో కట్టిన టంకశాలను 1950లో భారత ప్రభుత్వం తీసుకుంది. 1997లో ముద్రణ చర్లపల్లికి మారింది. ఒకే ఏడాది, ఒకే విలువ నాణేల్లో ఒక టంకశాలవి దండిగా, మరొకదానివి తక్కువగా దొరకవచ్చు. అందుకే గుర్తు రాయని ప్రకటనను సేకర్తలు పట్టించుకోరు.

నకిలీల విషయంలో సెంటిమెంటు పనికిరాదు. ఒకవైపు హనుమంతుడో రామపట్టాభిషేకమో, మరోవైపు ఈస్ట్ ఇండియా కంపెనీ పేరు, 1616 లేదా 1818 సంవత్సరం ఉన్న రాగి ‘అర్ధణా’ బిళ్లలు చాలా పూజగదుల్లో ఉన్నాయి. కంపెనీ అలాంటి అర్ధణాలను ఎన్నడూ ముద్రించలేదు. అవి భక్తుల కోసం, ఆ తర్వాత అమాయకుల కోసం తయారైన బిళ్లలు. బియ్యాన్ని లాగుతుందనీ, మెరుపును పట్టుకుంటుందనీ చెప్పి వీటిని కోట్లకు బేరం పెట్టే ముఠాల వలలో పడి ఆస్తులు పోగొట్టుకున్నవారున్నారు. అరుదైన వెండి రూపాయిలకు పోత పోసిన నకిలీలు వస్తాయి. అంచు చుట్టూ సన్నని అతుకు గీత, ఉపరితలం మీద సూదిమొన లాంటి గుంటలు, అక్షరాల మొద్దుబారుతనం, బరువులో తేడా వాటిని పట్టిస్తాయి. 1939 రూపాయి ఉందనుకునేవారు చివరి అంకెను మరింత జాగ్రత్తగా చూడాలి. వేరే ఏడాది అంకెను చెక్కి మార్చిన మోసాలున్నాయి.

తోమవద్దు

రాగి చెంబును చింతపండుతో, వెండి కుందిని విభూతితో మెరిపించడం మన ఇళ్లలో పనితనం. నాణెం విషయంలో అదే చేత్తో విలువను కడిగేసినట్టవుతుంది. నాణేన్ని అచ్చు కొట్టినప్పుడు లోహం మధ్యనుంచి అంచుకు పారి కంటికి కనబడనంత సన్నని గీతలు పడతాయి. తిప్పి చూసినప్పుడు చక్రంలా తిరిగే మెరుపు ఆ గీతలది. తోమితే అవి అరిగిపోతాయి, వాటి స్థానంలో అడ్డదిడ్డంగా గీట్లు పడతాయి. మళ్లీ పుట్టించడం ఎవరి తరమూ కాదు. వెండి మీద దశాబ్దాలుగా పట్టిన నీలి, ఊదా, బూడిద రంగుల పొరను సేకర్తలు పాటినా అంటారు. అది సహజంగా, సమంగా ఉంటే దానికే అదనంగా చెల్లిస్తారు. రాగి మీద పొడిపొడిగా పెరిగే పచ్చని కిలుం వేరు. అది లోహాన్ని తినేస్తుంది కాబట్టి తెలిసినవాళ్లకు చూపించాలి.

మెత్తని పీవీసీ ప్లాస్టిక్ ఆల్బమ్‌లు కూడా శత్రువులే. ఏళ్లు గడిస్తే ఆ ప్లాస్టిక్‌లోంచి ఆమ్లం ఊరి నాణెం మీద ఆకుపచ్చని జిగురు పేరుకుంటుంది. స్వచ్ఛమైన అసిటోన్‌లో రుద్దకుండా ముంచితే ఆ జిగురు పోతుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవం మాత్రం వాడకూడదు. నాణేన్ని ఎప్పుడూ అంచు పట్టుకునే ఎత్తాలి, కింద మెత్తని గుడ్డ ఉండాలి. ప్రభుత్వ టంకశాలలు అమ్మే స్మారక సెట్లను అసలు పెట్టెలోంచి తీయకూడదు. మన దేశంలో మొదటి స్మారక నాణేలు 1964లో నెహ్రూ మరణానంతరం వచ్చాయి. అలాంటివి పెట్టె, పత్రంతో సహా ఉంటేనే పూర్తి ధర.

ఆభరణాల్లోంచి తీసిన నాణేలు మన దగ్గర ఎక్కువ. కాసులపేర్లలో, లంబాడీ మహిళల నగల్లో రూపాయిలకు కొక్కీలు అతికేవారు, లేదా రంధ్రం చేసేవారు. ఆ మచ్చను పూడ్చి అమ్మితే మోసం అవుతుంది. దాచకుండా చెప్పి అమ్మితే తక్కువకైనా నమ్మకంగా పోతుంది.

నాణ్యత లెక్క

అరుగుదలను కొలవడానికి ప్రపంచమంతా వాడుతున్న 1 నుంచి 70 వరకు ఉన్న కొలమానం విలియం షెల్డన్ అనే అమెరికన్ 1949లో ‘పెద్ద సెంట్’ అనే పాత రాగి నాణేల కోసం తయారుచేసినదానికి కొనసాగింపు. 60 నుంచి పైన ఉన్నవి చలామణిలోకి వెళ్లని నాణేలు. అమెరికాలో 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్జీసీ సంస్థలు మొదలై, నాణేన్ని పరీక్షించి, అంకె రాసి, ప్లాస్టిక్ బిళ్లలో సీలు వేసి ఇస్తున్నాయి. తోమిన నాణేలకు ఆ సంస్థలు అంకె వేయవు. ‘శుభ్రపరచినది’ అని రాసి ఇస్తాయి. ఈ సేవకు ఖర్చు బాగానే అవుతుంది కాబట్టి వెయ్యి రూపాయల నాణేనికి అనవసరం. అరుదైనదానికి మాత్రం కొనేవారి అనుమానం తీర్చే సాధనం ఇదే. సొంతంగా నాణ్యత చెప్పాల్సి వస్తే ఒక మెట్టు తక్కువే చెప్పాలి. ఎక్కువ చెప్పి వాపసు తీసుకునేకన్నా ఇది మేలు.

ఫొటో, వివరణ

కొనేవాడి చేతిలో నాణెం ఉండదు. అతనికి ఉన్నది మీ ఫొటో, మీ మాట. బొమ్మ, బొరుసు, అంచు మూడూ తీయాలి. ఫ్లాష్ వాడకూడదు. కిటికీ వెలుగు ఒక పక్క నుంచి ఏటవాలుగా పడేలా పెట్టి, రంగులేని కాగితం మీద, ఫోన్ కదలకుండా స్టాండుపై ఉంచి తీస్తే 1911 రూపాయి మీది ఏనుగు తొండం కూడా తెలుస్తుంది. రంగులు పెంచే ఫిల్టర్లు పనికిరావు. గీట్లు, దెబ్బలు ఉంటే వాటికి విడిగా దగ్గరి ఫొటో పెట్టాలి.

వివరణ ఎలా ఉండాలో ఒక నమూనా: ‘హైదరాబాద్ రాజ్యం, మీర్ ఉస్మాన్ అలీఖాన్, వెండి రూపాయి, హిజ్రీ 1331. ద్వారంలో పూర్తి ఐన్. బరువు 11.15 గ్రాములు. మినార్ల పైభాగంలో కొద్దిగా అరుగుదల. పై అంచున పాత కొక్కీ అతుకు గుర్తు ఉంది, ఫొటో 4 చూడండి. తోమలేదు. మా కుటుంబంలో మూడు తరాలుగా ఉంది.’ ఇందులో ‘అత్యంత అరుదు’, ‘అదృష్ట నాణెం’ లాంటి మాటలు లేవు. అనుభవజ్ఞుడైన సేకర్త అలాంటి మాట చూడగానే పేజీ మూసేస్తాడు. బరువు, లోపం, చరిత్ర రాసినచోట మాత్రం ఆగుతాడు. ఈ వ్యాపారంలో నిజాయితీకి నేరుగా ధర ఉంది, అది పాటలో కనిపిస్తుంది.

ధర, పాట నడిచే తీరు

అడిగిన ధర వేరు, అమ్ముడైన ధర వేరు. వెబ్‌సైట్లలో నెలల తరబడి అమ్ముడుపోకుండా ఉన్న లక్ష రూపాయల ప్రకటన ఏ ధరకూ సాక్ష్యం కాదు. వేలం సంస్థలు తమ పాత పాటల ఫలితాలను ప్రచురిస్తాయి. అదే రకం, అదే నాణ్యత ఉన్న నాణెం ఇటీవల మూడు నాలుగుసార్లు ఎంతకు పోయిందో చూస్తే అంచనా దొరుకుతుంది.

చాలా వేదికల్లో కొనేవాడు తన గరిష్ఠ ధరను రహస్యంగా నమోదు చేస్తాడు. అతని తరఫున సైటే అవసరమైనంత మేరకు పాట పెంచుతుంది. ఒకరు 8,000, మరొకరు 5,200 నమోదు చేస్తే, పాట పెరిగే మెట్టు 200 అనుకుంటే, నాణెం 5,400కే పోతుంది. అంటే ధరను నిర్ణయించేది రెండో వ్యక్తి. అందుకే మొదటి ధరను ఆకర్షణీయంగా తక్కువ పెట్టడం తరచుగా వినే సలహా. ఇద్దరు ముగ్గురు పోటీపడతారని తెలిసిన నాణేనికే అది పనిచేస్తుంది. కొద్దిమందికే పట్టే అరుదైన నాణేనికి కనీస ధర పెట్టుకోవాలి, లేదా వేలం సంస్థకు అప్పగించాలి. సంస్థకు ఇచ్చేముందు అమ్మేవారి కమీషన్ ఎంత, కొనేవారిపై వేసే అదనపు రుసుము ఎంత, అమ్ముడుపోకపోతే చార్జీ ఉందా, డబ్బు ఎన్నాళ్లకు వస్తుంది అన్నది రాతపూర్వకంగా తీసుకోవాలి. పాట 10,000కు ఆగి, కమీషన్ నూటికి 10 అయి, ఫొటోలు, తపాలా ఖర్చు 400 అయితే చేతికొచ్చేది 8,600. ఈ లెక్క ముందే వేసుకున్నవారికి తర్వాత మనస్తాపం ఉండదు. సొంత నాణెం మీద బంధువుల చేత పాట పాడించడం ప్రతి వేదికలోనూ నిషిద్ధం. పట్టుబడితే ఖాతా పోతుంది.

అన్నీ ఒకేసారి పెట్టకుండా, తక్కువ విలువ ఉన్న రెండు మూడు నాణేలతో మొదలుపెట్టి, కొన్నవారి మంచి అభిప్రాయాలు సంపాదించాక పెద్దదాన్ని పెట్టడం తెలివైన పని.

డబ్బు, రవాణా, మోసాలు

డబ్బు బ్యాంకు ఖాతాలో పడ్డట్టు స్వయంగా చూసుకున్నాకే సరుకు పంపాలి. స్క్రీన్‌షాటు రుజువు కాదు. డబ్బు రావడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయనక్కర్లేదు, పిన్ కొట్టనక్కర్లేదు. అలా అడిగినవాడు దొంగే. పాత నాణేలు, నోట్లు కొంటామంటూ తన పేరు వాడుకుని కమీషన్, పన్ను కట్టమంటున్న ముఠాలపై రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో బహిరంగ హెచ్చరిక చేసింది. రిజర్వు బ్యాంకు అలాంటి వ్యవహారాలు చేయదు, ఎవరికీ అనుమతి ఇవ్వలేదు. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేయాలి. మొదటి గంటల్లో చెబితే డబ్బు ఆపే అవకాశం ఎక్కువ.

నాణెం కవరులో కదలకూడదు. అట్టల మధ్య బిగించి, టేపు వేసి, బయట ‘నాణెం’ అన్న మాట రాయకుండా, ఇన్సూరెన్స్‌తో తపాలాలో పంపాలి. ప్రైవేటు కొరియర్లలో చాలావాటి నిబంధనలు నాణేలను ఒప్పుకోవు. దాచి పంపితే పోయినప్పుడు పరిహారం రాదు. ప్యాకింగును వీడియో తీసి ఉంచుకుంటే వివాదం వచ్చినప్పుడు పనికొస్తుంది.

చట్టం

1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. వాటి అమ్మకాన్ని వ్యాపారంగా చేసేవారికి లైసెన్సు ఉండాలి. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించడం నేరం. ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. ఈ నూరేళ్ల గీత ఏటా ముందుకు జరుగుతుంది. 1911 రూపాయి 2011లోనే ఆ గీత దాటింది. అమెరికాలో ఉన్న పిల్లలకు తాతగారి రూపాయిలిచ్చి ‘అక్కడ ఎక్కువ ధర వస్తుంది, అమ్ముకోండి’ అని పంపే తెలుగు కుటుంబాలు ఇది తెలుసుకోవాలి. విదేశీ కొనుగోలుదారుకు తపాలాలో పంపినా అదే నేరం. అమ్మకంపై పన్ను విషయం ఆడిటర్‌ను అడిగి తేల్చుకోవాలి.

భూమిలో దొరికినవి మరో సంగతి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ ఉన్న నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. దాచితే ఏడాది వరకు జైలు. అయినా పొలంలో బయటపడ్డ ముంతలోని నాణేలు రాత్రికి రాత్రే చేతులు మారి, నెల తిరక్కుండా ‘పాత సేకరణ నుంచి’ అన్న పేరుతో ఆన్‌లైన్‌లో కనిపించడం మామూలైపోయింది. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో దొరికిన నాణేలను చరిత్ర పరిశోధకుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి పరిశీలించి ప్రచురించబట్టే శాతవాహన వంశ స్థాపకుడు శ్రీముఖుడి నాణేలు తెలంగాణ నేల నుంచి వచ్చాయని లోకానికి తెలిసింది. అవే నాణేలు విడివిడిగా నాలుగు ఊళ్ల సేకర్తలకు అమ్ముడై ఉంటే చరిత్ర పుస్తకంలో ఆ పేజీ ఉండేది కాదు.

కాబట్టి పెట్టెలోని నాణేల్లో దేన్ని పాటకు పెట్టే ముందైనా అన్నింటినీ కలిపి ఫొటో తీసి, బరువులు రాసి, ఎవరి నుంచి ఎలా వచ్చాయో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఒక కాగితం మీద పెట్టండి. ఆ కాగితం నకలు నాణెంతో పాటు కొన్నవారికి ఇవ్వండి. నేలలో దొరికినవైతే మాత్రం అమ్మకం ఆలోచన మాని, ముంతను కడగకుండా, నాణేలను విడదీయకుండా కలెక్టరుకు తెలియజేయండి.